శాంపిల్ చేతిలో పెట్టి వెళ్లిపోకండి: తోటి యంత్ర తయారీదారులకు బహిరంగ లేఖ

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కూకట్‌పల్లి షెడ్లలోనూ, విజయవాడ, గాజువాక ఆటోనగర్‌లలోనూ యంత్రాలు తయారు చేస్తున్న యజమానులకు, డిజైనర్లకు, పర్చేజ్ విభాగాల పెద్దలకు నమస్కారం.

నేను బాలానగర్‌లో ప్యాకింగ్ యంత్రాలు చేస్తాను. కారం, పసుపు, పప్పులు, టీపొడి పొట్లాలు కట్టే యంత్రాలు. మీలో కొందరు నాకు పోటీదారులు, కొందరు కొనుగోలుదారులు, కొందరి దగ్గర నేనే సరుకు కొంటాను. ఈ మధ్య మనం ఎక్కడ కలిసినా ఒకే మాట నడుస్తోంది: బయటి నుంచి వచ్చే యంత్రం ధరకు మనం దిగలేకపోతున్నాం, కాబట్టి భాగాలన్నీ ఇక్కడే చేయించాలి. ఆ మాటతో నాకు పేచీ లేదు. అయితే ఇంటికి వెళ్లి మనం చేస్తున్న పని వేరు. నాలుగు వర్క్‌షాపుల నుంచి కొటేషన్లు తెప్పిస్తాం, అన్నింటికన్నా తక్కువ చెప్పినవాడి చేతిలో పాత భాగం పెట్టి "ఇలాంటిదే చెయ్యి" అంటాం. రెండు నెలలకే అది పాడైతే "లోకల్ మాల్ ఇంతే" అని మళ్లీ దిగుమతికి వెళ్తాం. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, తప్పు ఎక్కడ జరిగిందో వెతకం. నేనూ అదే చేశాను. అందువల్ల ఎంత పోగొట్టుకున్నానో, తర్వాత ఏం నేర్చుకున్నానో చెప్పాలనే ఈ ఉత్తరం.

2021లో కంటైనర్లు దొరకని రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. గుంటూరులో కారం మిల్లు నడిపే ఒక కస్టమర్‌కు నేను చేస్తున్న యంత్రం అప్పటికి దాదాపు సిద్ధమైంది. ఫ్రేము, పొట్లాన్ని నొక్కి అతికించే సీలింగ్ దవడలు, ప్యానెల్, వైరింగ్ అన్నీ పూర్తయ్యాయి. ఫిల్మును కిందికి లాగే రోలరును తిప్పే చిన్న వార్మ్ గేరు జత (స్క్రూలాంటి వార్మ్, దానితో తిరిగే పళ్ల చక్రం అంటే వీల్) ఒక్కటే రాలేదు. దాని కోసం నా షెడ్డులో ఆ యంత్రం వారాల తరబడి గుడ్డ కప్పుకొని కూర్చుంది. సనత్‌నగర్ కంటైనర్ డిపోకు ఫోను చేయడం నాకు దినచర్య అయిపోయింది. కొత్త పంట కారం మార్కెట్లోకి వచ్చేలోగా యంత్రం దిగాలని ఆ కస్టమర్ ముందే అడ్వాన్సు ఇచ్చారు. ఆయన గొంతు రోజురోజుకూ మారిపోవడం ఫోనులో నాకు వినిపించేది.

చివరికి పాత యంత్రం నుంచి విప్పిన అదే రకం గేరు జత తీసుకుని మూడు వీధుల అవతల ఉన్న గేర్ల షాపుకు వెళ్లాను. నడిపే పెద్దాయన ప్రభుత్వ రంగ యంత్ర కర్మాగారంలో పనిచేసి బయటికి వచ్చినవారు. "డ్రాయింగ్ ఏది?" అని అడిగారు. లేదన్నాను. "ఇలాగే చేసి ఇవ్వండి, అర్జెంటు" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయారు, నేను వినే స్థితిలో లేను. నాలుగు రోజుల్లో జత వచ్చింది. బిగించి నడిపితే పొట్లం పొడవు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఫిల్ము మీది ప్రింటు మార్కు జారిపోయి, సీలు వెళ్లి కంపెనీ బొమ్మ మీద పడుతోంది.

కారణం ఆయన చూపించేదాకా నాకు తట్టలేదు. నేను ఇచ్చిన శాంపిల్ అరిగిపోయిన గేరు. ఏళ్ల తరబడి తిరిగి దాని పళ్లు పలచబడ్డాయి. ఆయన పనివాళ్లు దాన్నే నమ్మకంగా కొలిచి, అంతే పలచని పళ్లతో కొత్త గేరు కోశారు. అరుగుదలను కూడా కొలతగా తీసుకుని తయారు చేశారన్నమాట. పంటికీ పంటికీ మధ్య ఉండకూడనంత సందు కొత్తదానిలో మొదటి రోజే ఉంది. అది చేసినవాడి తప్పు కాదు, చేయించిన నా తప్పు.

రెండోసారి ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. రెండు షాఫ్టుల కేంద్రాల మధ్య దూరం ఎంత, దానికి ఎన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెసులుబాటు, వార్మ్‌కు ఏ ఉక్కు, పైపొర ఎంత గట్టిపడాలి, వీల్‌కు ఏ రకం ఫాస్ఫర్ బ్రాంజ్, ఆయిల్ ఏది అన్నీ కాగితం మీదికి వచ్చాయి. వార్మ్‌ను హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత గ్రైండింగ్ చేయాలని ఆయనే రాయించారు. మొదటిసారి ధర తగ్గించమని నేను పట్టుబట్టడంతో ఆ పని ఎగిరిపోయిందట. జత సిద్ధమయ్యాక ఆయన చేసిన పని చూసి తీరాలి. వార్మ్ మీద ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు పలచగా పూసి, చేత్తో నెమ్మదిగా తిప్పారు. బ్రాంజ్ పళ్ల మీద నీలం మచ్చ పడింది. మచ్చ ఒక అంచున మాత్రమే పడితే బరువంతా ఆ అంచే మోస్తుంది, వేడెక్కి నమిలేస్తుంది. మధ్యలో, కొంచెం వార్మ్ బయటికి వెళ్లే వైపుగా పడితే ఆయిల్ లోపలికి దూరడానికి చోటు ఉన్నట్టు. ఆయన వీల్‌ను కాస్త జరిపి, మళ్లీ పూసి, మళ్లీ తిప్పి, మచ్చ తాను కోరుకున్న చోటికి వచ్చేదాకా వదల్లేదు. ఆ జత ఇప్పటికీ గుంటూరులో తిరుగుతోంది.

ఇక ఖర్చు సంగతి. మనం చూసేది భాగం రేటు. పోయేది మాత్రం వేరే చోట. చాలా యంత్రభాగాల మీద మూల కస్టమ్స్ సుంకం 7.5 శాతం, ఆ సుంకం మీద మళ్లీ సంక్షేమ సర్‌ఛార్జి, ఆపైన 18 శాతం ఐజీఎస్టీ. ఐజీఎస్టీ తర్వాత సర్దుబాటు అవుతుంది నిజమే, కానీ ఆ డబ్బు ముందు మన జేబులోంచే వెళ్లాలి. రవాణా, క్లియరింగ్ ఏజెంటు, బ్యాంకు ఛార్జీలు సరేసరి. రెండు కావాలంటే పది కొనమంటారు, మిగిలిన ఎనిమిది అలమారులో నిద్రపోతాయి. ఇవన్నీ పర్చేజ్ వాళ్లు ఎలాగో లెక్క వేస్తారు. ఎవరూ వేయని లెక్క ఇంకొకటి ఉంది. ఉదాహరణకు 12 లక్షలు ఖర్చు పెట్టిన యంత్రం ఒక్క భాగం కోసం నెల రోజులు ఆగిందనుకుందాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుంటే ఆ ఒక్క నెలకే 12,000 రూపాయలు. రెండు నెలలైతే 24,000. ఆ సొమ్ము ఏ భాగం పక్కనా రాసి ఉండదు, ఏడాది చివర లాభం తగ్గినప్పుడు ఎందుకు తగ్గిందో తెలియదు. వర్క్‌షాపు దగ్గర ఐదు వందల కోసం అరగంట బేరమాడే మనం దీని జోలికి పోం.

కస్టమర్ వైపు నుంచి చూస్తే ఇది ఇంకా పెద్ద లెక్క. మిర్యాలగూడలో రైస్ మిల్లో, గుంటూరులో కారం మిల్లో సీజనులో ఒక రోజు ఆగితే వాళ్లకు జరిగే నష్టం ముందు మన స్పేర్ పార్టు ధర ఏపాటి? డ్రాయింగ్ నా దగ్గర, చేసేవాడు మూడు వీధుల అవతల ఉంటే, సాయంత్రం ఆర్టీసీ కార్గోలో వేసిన పార్సిల్ తెల్లవారేసరికి గుంటూరులో ఉంటుంది. బయటి యంత్రం ఎంత చవకగా వచ్చినా ఈ ఒక్క పని చేయలేదు. మనం కస్టమర్‌కు అమ్మాల్సింది దీన్నే. మన బ్రోషర్లలో మాత్రం దీని గురించి ఒక్క ముక్క ఉండదు, వేగం, పొట్లాల సంఖ్య, స్టీలు మెరుపు, అంతే.

డిజైనర్లతో ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. వర్క్‌షాపు రేటు ఎక్కువ చెబుతున్నాడని మనం అనుకునే చోట చాలాసార్లు ఆ రేటు మన డ్రాయింగే రాసింది. మా పాత డ్రాయింగులు తీసి చూస్తే, మోటారు మీద కప్పే రేకు మూతలోని రంధ్రాలకు కూడా పది మైక్రాన్ల కచ్చితత్వం అడిగి ఉంది. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. నాలుగు బోల్టులతో బిగించే మూతకు అంత కచ్చితత్వం దేనికి? ఎవరో కుర్రవాడు కంప్యూటర్‌లో ఒకసారి పెట్టిన విలువను అన్ని కొలతలకూ వదిలేశాడు. నిజాయితీ ఉన్న టర్నరు ఆ కాగితం చూసి ధర పెంచుతాడు. ఆ కాగితం పట్టించుకోనివాడు తక్కువ చెప్పి ఆర్డరు పట్టుకుంటాడు. ఆ అలవాటు ముదిరితే, నిజంగా పది మైక్రాన్లు అవసరమైన బేరింగ్ సీటింగును కూడా అతడు అలాగే వదిలేస్తాడు. అందుకని ఇప్పుడు మా డ్రాయింగుల్లో మామూలు కొలతలన్నింటికీ సాధారణ వెసులుబాటు ఒక్కటే రాస్తాం, 30 నుంచి 120 మిల్లీమీటర్ల మధ్య కొలతకు అటూ ఇటూ 0.3 మిల్లీమీటర్ల వరకు చాలు. బేరింగ్ కూర్చునే చోటు, దవడల ముఖాలు, గేరు కేంద్రాలు మాత్రం ఎర్ర గీతతో గుర్తిస్తాం. ఎర్ర గీత ఉన్న కొలతకు అడిగినంత ధర ఇస్తాం, కానీ అక్కడ రాజీ ఉండదు.

సైజుల విషయమూ అంతే. ఒకే యంత్రంలో పదకొండు రకాల షాఫ్టు వ్యాసాలు ఉండేవి. 22, 24, 27, 28... వాటిలో కొన్ని లావు కడ్డీ తెచ్చి చెక్కితే తప్ప రావు. చెక్కిన ఉక్కంతా తుక్కు కిందే లెక్క. కూర్చుని చూస్తే 20, 25, 30, 40 అనే నాలుగింటితో పని జరిగిపోయింది. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు 6205 బేరింగ్ సరిపోతుంది, రాణిగంజ్‌లో ఏ బేరింగ్ షాపులోనైనా అది ఎప్పుడూ ఉంటుంది. దేశంలో ఎక్కడైనా దొరుకుతుంది. కస్టమర్ ఊళ్లో కూడా దొరుకుతుంది. భాగాన్ని ఇక్కడ చేయించడం తర్వాతి సంగతి, ముందు ఇక్కడ దొరికేదాని చుట్టూ యంత్రాన్ని గీయాలి. విదేశీ యంత్రాన్ని విప్పి, కొలతలు తీసి, అచ్చం అలాగే గీసుకున్న డ్రాయింగులు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. వాళ్ల దేశంలో సులభంగా దొరికే ప్రొఫైలును ఇక్కడ ప్రత్యేకంగా చేయించుకుంటూ, ఖరీదు ఎక్కువైందని బాధపడుతున్నాం.

అన్నీ ఇక్కడే చేయించాలన్న పంతం నాకు లేదు. సర్వో మోటార్లు, డ్రైవ్‌లు, యంత్రాన్ని నియంత్రించే చిన్న కంప్యూటర్ అయిన పీఎల్‌సీ, మార్కు చూసే సెన్సర్లు పేరున్న కంపెనీలవే వాడతాను. కొంచెం తక్కువకు వస్తోందని ఊరూ పేరూ లేనిది పెడితే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలు చేసేవాళ్లకు లీనియర్ గైడ్‌లు, బాల్ స్క్రూలు, కంట్రోలర్లు ఇంకా ఎక్కువగా జపాన్, తైవాన్, జర్మనీల నుంచే రావాల్సి ఉంది, అది ఒకరోజులో మారదు. స్థానికం అంటే హైదరాబాద్ పొలిమేర అనీ కాదు. పోత ఇనుము దిమ్మలు కోయంబత్తూరు, బెళగావి, కొల్హాపూర్, రాజ్‌కోట్ ఫౌండ్రీల నుంచి వచ్చినా లారీ రెండు మూడు రోజుల్లో చేరుతుంది, తేడా వస్తే మనిషి వెళ్లి నిలబడి మాట్లాడగలడు. అదే నా దృష్టిలో స్థానికం. రాణిగంజ్ దుకాణం బిల్లు ఉన్నంత మాత్రాన దిగుమతి సరుకు స్థానికం అయిపోదు. ప్రభుత్వ సంస్థలకు అమ్మేవాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 2017 నాటి మేకిన్ ఇండియా ప్రాధాన్య కొనుగోలు ఉత్తర్వు కింద మొదటి తరగతి స్థానిక సరఫరాదారు కావాలంటే విలువలో 50 శాతం ఇక్కడిది కావాలి, 20 నుంచి 50 లోపు అయితే రెండో తరగతి. తప్పుడు ప్రకటన ఇచ్చి టెండరు గెలిస్తే తర్వాత నలుగురిలో తలవంపులు తప్పవు.

"ఇక్కడి వర్క్‌షాపుల్లో నాణ్యత రాదు" అనేవాళ్లకు నేను బాలానగర్‌నే చూపిస్తాను. 1960లలో విమానాల సంస్థ హెచ్‌ఏఎల్, మందుల సంస్థ ఐడీపీఎల్ వంటివి వచ్చాక వాటి చుట్టూ పెరిగిన ప్రాంతం ఇది. ప్రాగా టూల్స్, హెచ్‌ఎంటీ వంటి యంత్ర కర్మాగారాల్లో చేయి తిరిగిన మనుషులు బయటికి వచ్చి చిన్న షెడ్లు పెట్టుకున్నారు. రాకెట్లలోని వికాస్ ఇంజిన్‌కు భాగాలు చేసిన ఎంటార్ కంపెనీ ఈ బాలానగర్‌లోనే పుట్టింది. 1968లో ఏర్పడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, మనందరం సీఐటీడీ అనేది, నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. కొలత పరికరాలు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడ సరిచూపించుకోవచ్చు, కష్టమైన భాగాన్ని త్రీడీ కొలత యంత్రం మీద పెట్టించుకోవచ్చు. మన చేతుల్లోని మైక్రోమీటర్, వర్క్‌షాపు చేతిలోని మైక్రోమీటర్ ఒకే మాట చెప్పకపోతే, మనిద్దరిలో ఎవరు తప్పని వాదించుకునీ లాభం లేదు. మా దగ్గర జరిగే రిజెక్షన్లలో కొన్ని ఇలా కొలత పరికరాల గొడవలేనని తేలింది. ఇప్పుడు ముఖ్యమైన భాగాలకు గో, నో-గో గేజ్ మేమే చేయించి వర్క్‌షాపుకు ఇస్తాం. గేజ్ ఒక వైపు దూరాలి, రెండో వైపు దూరకూడదు. ఇక తగాదా లేదు.

లోహం దగ్గర మాత్రం నమ్మకం ఒక్కటే చాలదు. తిండి పదార్థం తగిలే చోట 304 రకం స్టీలు అడిగితే 202 అనే చవక రకం రావడం మన వ్యాపారంలో అందరికీ తెలిసిన రోగమే. కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. ఉప్పూ కారం తగిలిన కొన్నాళ్లకు ఒకటి తుప్పు మచ్చలు చూపిస్తుంది. చుక్క మందు వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే రంగు మారడం చూసి నిమిషంలో పసిగట్టవచ్చు, ఆ సీసా నా షెడ్డు గేటు దగ్గరే ఉంటుంది. మనల్ని మోసం చేయడానికే వర్క్‌షాపు అలా ఇస్తుందనుకోకండి. చాలాసార్లు అతడికీ రేకుల దుకాణంలో అదే చెప్పి అంటగట్టి ఉంటారు. ఆ సీసా మీరూ వాడండి, అతడికీ ఒకటి ఇవ్వండి.

ఇప్పుడు అన్నింటికన్నా బరువైన సంగతికి వస్తాను, మీలో కొందరికి కోపం వచ్చినా సరే. డబ్బు. నా గేర్ల పెద్దాయన దగ్గర ఒక అట్టపెట్టె ఉంది. అందులో పెద్ద కంపెనీల డెలివరీ చలానాలు, ఇన్వాయిస్ కాపీలు తేదీ వారీగా కట్టలు కట్టి పెట్టుకున్నారు. ఏడు నెలల కిందటివి, తొమ్మిది నెలల కిందటివి ఉన్నాయి. ఆయన ఉక్కు కొనేది నగదుకే, హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లకు వారానికి కట్టాలి, జీతాలు నెలకు. మన బిల్లు మాత్రం మనకు తోచినప్పుడు. ఆ వడ్డీ ఎక్కడికి పోతుంది? మళ్లీ రేటులోనే వస్తుంది. లేదా నాసిరకం ఉక్కు రూపంలో, చేయకుండా వదిలేసిన గ్రైండింగ్ రూపంలో వస్తుంది. ఇతరుల డబ్బుతో మనం ఆదా చేశామనుకుంటున్నది ఇలా మన యంత్రంలోకే తిరిగి వస్తోంది.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2024-25 మదింపు సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులో 43బి(హెచ్) నిబంధన వచ్చి, గడువు దాటిన బాకీని చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాల్సి వస్తోంది. కానీ చిన్న వర్క్‌షాపు మన మీద ఫిర్యాదు పెట్టదు, మళ్లీ ఆర్డరు రాదని భయం. ఆ భయం మీద మన వ్యాపారం నడుస్తోందంటే నాకు సిగ్గుగా ఉంది. మేము రెండేళ్లుగా సరుకు అంగీకరించిన రోజు నుంచి 21 రోజుల్లో చెల్లిస్తున్నాం. మొదట్లో కష్టమైంది. తర్వాత అవే వర్క్‌షాపులు తమంతట తాము రేటు తగ్గించాయి, అర్జెంటు అంటే రాత్రి షిఫ్టు వేస్తున్నాయి. ఒకాయన మా దవడ డ్రాయింగ్ చూసి, పళ్ల కోణం కాస్త మారిస్తే ఒక్క కోతలో అయిపోతుందని చెప్పి, రెండు గంటల మిల్లింగ్ పని తగ్గించారు. బాకీ ఉన్నప్పుడు ఆయన ఆ మాట చెప్పేవారా? చెప్పరు, తనకు ఏమీ పట్టనట్టు అడిగింది చేసి ఇచ్చేవారు.

చివరిగా ఒక ప్రతిపాదన. నాలుగు దవడలు చేయమంటే వర్క్‌షాపుకు యంత్రం సెట్ చేయడానికే సగం పూట పోతుంది. నలభై అయితే ఆ ఖర్చు ఒక్కోదాని మీద పదో వంతుకు పడుతుంది. నాకు నెలకు నాలుగే కావాలి. మీలో ప్యాకింగ్ యంత్రాలు చేసే ప్రతి ఒక్కరికీ నెలకు నాలుగో ఆరో కావాలి. సీలింగ్ దవడలు, ఫిల్ము రోలరు షాఫ్టులు, వార్మ్ జతలు, పోత బ్రాకెట్లు వంటివాటిలో మన మధ్య రహస్యం ఏముంది? మన యంత్రాల తేడా వాటిలో లేదు, సరుకును సరైన మోతాదులో పొట్లంలో వేసే డోసింగ్‌లో, నియంత్రణలో, సర్వీసులో ఉంది. అలాంటి ఏడెనిమిది భాగాలకు అందరం ఒకే సైజు ఒప్పుకుని, ఆర్డర్లు కలిపి ఇద్దాం. పోతకు ప్యాటర్న్ (అచ్చు తీసే నమూనా) ఖర్చు తలా కొంత పంచుకుందాం. ప్యాటర్న్ ఎవరిదో ముందే కాగితం మీద రాసుకుందాం, ఎందుకంటే తగవులన్నీ అక్కడే మొదలవుతాయి.

వచ్చే నెల మొదటి శనివారం మధ్యాహ్నం మా షెడ్డులో కూర్చుందాం. గేర్ల పెద్దాయన వస్తానన్నారు, దవడలు చేసే ఆయన, హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లు కూడా వస్తారు. మీరు వచ్చేటప్పుడు ప్రస్తుతం దిగుమతి చేసుకుంటున్న ఒక భాగం తీసుకురండి. అరిగిపోయినదాన్ని కాదు, కొత్తది, దాని డ్రాయింగ్‌తో సహా. డ్రాయింగ్ లేకపోతే అలాగే రండి, ఆ పూట అందరం కలిసి గీద్దాం. ప్రష్యన్ బ్లూ డబ్బా నా దగ్గర ఉంది.

ఇట్లు,
బాలానగర్‌లోని మీ తోటి యంత్ర తయారీదారు